బెంగళూరులో ఉబ్బసం: పంపు సరిగ్గా పట్టడం, ఊపిరి కొలుచుకోవడం, ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలో తెలుసుకోవడం

నవంబరులో చలి మొదలైందంటే బెంగళూరులో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో, పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టళ్ళల్లో ఒకటే దగ్గు. జలుబు వారంలో పోతుంది. దగ్గు మాత్రం తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో నిద్ర లేపుతుంది. "ఈ ఊరి గాలి పడలేదు" అనుకుంటూ సిరప్పు మీద సిరప్పు మారుస్తారు. సంక్రాంతికి ఊరెళ్తే కాస్త తెరిపినిస్తుంది, తిరిగొచ్చిన వారానికి మళ్ళీ మొదలు. రాత్రి దగ్గు, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు, రొమ్ము బిగపట్టినట్టు ఉండటం, మెట్లెక్కితే ఆయాసం. ఇవి ఇలా వస్తూ పోతూ ఉంటే ఉబ్బసం ఉందేమో చూపించుకోవాలి. ఎప్పుడూ ఒకే తీరున ఉండి నెలనెలకూ పెరిగే ఆయాసం వేరే జబ్బు కావచ్చు. దగ్గు రెండు వారాలు దాటితే ముందు క్షయ లేదని తేల్చుకోవాలి, గళ్ళ పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితమే.

ఉబ్బసం ఉన్నవాళ్ళ శ్వాసనాళాల లోపలి పొర, ఒంట్లో ఏ ఇబ్బందీ లేని రోజు కూడా, కొంత వాచే ఉంటుంది. ఆ వాచిన గొట్టానికి దుమ్మో పొగో చల్లగాలో జలుబు వైరసో తగిలితే చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపల జిగట కఫం ఊరుతుంది, దారి సన్నబడుతుంది. కాబట్టి మందులూ రెండు రకాలు. సాల్బ్యుటమాల్ లాంటివి కండరాన్ని వదులు చేస్తాయి. కొన్ని నిమిషాల్లో హాయిగా ఉంటుంది, నాలుగైదు గంటల్లో ఆ ప్రభావం పోతుంది, వాపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వాపును తగ్గించేవి బ్యుడెసొనైడ్, ఫ్లూటికసోన్, బెక్లోమెథసోన్ లాంటి పీల్చే స్టెరాయిడ్లు. వీటికి రోజులు, వారాలు పడుతుంది. వెంటనే ఏమీ తెలియదు కాబట్టే జనం మానేసేది వీటినే. హాయినిచ్చేది జేబులో ఉంటుంది, జబ్బును తగ్గించేది అల్మారాలో ఉంటుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఉబ్బసంపై ప్రపంచవ్యాప్తంగా వైద్యులు అనుసరించే గినా మార్గదర్శకాలు 2019 నుంచి ఒక మాట తెగేసి చెబుతున్నాయి: పెద్దవాళ్ళూ కౌమార వయసు పిల్లలూ సాల్బ్యుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురాకూడదు, ఏదో రూపంలో పీల్చే స్టెరాయిడ్ ఉండి తీరాలి. ఏడాదికి 200 పఫ్‌ల (ఒక్కసారి నొక్కితే వచ్చే మందు ఒక పఫ్) సాల్బ్యుటమాల్ పంపులు, అంటే ఇన్‌హేలర్లు, మూడో అంతకన్నా ఎక్కువో అయిపోతున్నాయంటే తీవ్రమైన ఎటాక్ వచ్చే ముప్పు ఎక్కువని లెక్క. నెలకొకటి చొప్పున అవుతుంటే ప్రాణానికే ముప్పు. మందుల షాపువాడు అడగకుండా ఇస్తున్నాడు కదా అని ఆ లెక్క మరిచిపోకండి.

స్టెరాయిడ్ అనగానే భయం సహజం. ఒక లెక్క చూడండి. ఎటాక్ వచ్చినప్పుడు రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్రలు రాస్తారు. అంటే 40,000 మైక్రోగ్రాములు, అదీ రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగేది. పంపులో ఒక పఫ్‌కు వచ్చే బ్యుడెసొనైడ్ సాధారణంగా 100 నుంచి 400 మైక్రోగ్రాములు, అదీ ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పనిచేసేది. రెండు మందుల బలం ఒకటి కాదు, అయినా తేడా ఎంతో కనిపిస్తోంది కదా. పంపుకు భయపడి మానేసినవాళ్ళే ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రలు, ఇంజెక్షన్ల దాకా వెళ్తుంటారు. "అలవాటైపోతుంది" అన్న మాటకూ ఆధారం లేదు. కళ్ళజోడు ఎందుకు రోజూ పెట్టుకుంటామో ఇదీ అందుకే.

జబ్బును ఎలా తేలుస్తారు

స్పైరోమెట్రీ అన్నది గట్టిగా ఊది చూసే పరీక్ష. ఒకసారి ఊదించి, సాల్బ్యుటమాల్ ఇచ్చి, పది పదిహేను నిమిషాలాగి మళ్ళీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 12 శాతమూ, 200 మిల్లీలీటర్లూ పెరిగితే ఉబ్బసానికి గట్టి ఆధారం. పరీక్షకు వెళ్ళేముందు ఏ పంపు ఎన్ని గంటలు ఆపాలో అడిగి వెళ్ళండి, లేకపోతే ఫలితం తారుమారవుతుంది. ఒంట్లో బాగున్న వారంలో చేయిస్తే మామూలుగానే రావచ్చు, అంతమాత్రాన జబ్బు లేదని కాదు. బెంగళూరులో ప్రభుత్వ వైద్యం కావాలంటే నిమ్హాన్స్ దగ్గరున్న రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థ ఉంది, పిల్లలకైతే ఆ చుట్టుపక్కలే ఇందిరా గాంధీ శిశు ఆరోగ్య సంస్థ.

పంపు పట్టడం

మందు మార్చమని అడిగే ముందు, డోసు పెంచమని అడిగే ముందు, పీల్చే తీరు చూసుకోవాలి. అద్దం ముందు నిలబడి ఒక పఫ్ తీసుకోండి. నోటి మూలల నుంచో ముక్కు నుంచో తెల్లటి పొగ కనిపించిందా? అయితే ఆ మందు మీ ఊపిరితిత్తుల్లోకి పోలేదు, అద్దానికి పోయింది.

గ్యాసు పంపు (డబ్బాను నొక్కితే మందు చిమ్మేది) వాడేవాళ్ళు ఇలా చేయాలి. మూత తీసి పంపు మూతిలో (నోట్లో పెట్టుకునే భాగంలో) దుమ్ము, నాణెం, టాబ్లెట్ రేకు ముక్క ఏమైనా ఉందేమో చూడండి. బ్యాగులో మూత లేకుండా తిరిగిన పంపులో ఇలాంటివి ఉంటాయి. బాగా కుదపండి, ఎందుకంటే చాలా పంపుల్లో మందు అడుగున దిగి ఉంటుంది. కొత్తదైనా, చాలా రోజులుగా వాడకపోయినా, పంపుతో వచ్చే కరపత్రంలో చెప్పినన్ని పఫ్‌లు ముందు గాల్లోకి వదలాలి. గాలి పూర్తిగా బయటికి వదిలేయండి. మూతిని పళ్ళ మధ్య పెట్టి పెదాలు బిగించండి. మెల్లగా పీల్చడం మొదలుపెట్టాక, ఆ తర్వాతే ఒకసారి నొక్కండి. నొక్కేశాక పీల్చడం కాదు. నాలుగైదు సెకన్ల పాటు నిదానంగా పీలుస్తూనే ఉండాలి. దబాలున లాగితే మందు గొంతు వెనక గోడకు కొట్టుకుని అక్కడే ఉండిపోతుంది. పది లెక్కపెట్టే దాకా ఊపిరి బిగబట్టండి. రెండో పఫ్‌కు అరనిమిషం నుంచి నిమిషం ఆగి, మళ్ళీ కుదిపి, మొత్తం మొదటి నుంచి. రెండు పఫ్‌లు ఒకేసారి టకటకా నొక్కితే అందే మందు తగ్గుతుంది.

నొక్కడం, పీల్చడం రెండూ కుదరడం కష్టం. అందుకే స్పేసర్ ఉంది, అంటే పంపు మూతికి తగిలించే బోలు ప్లాస్టిక్ గొట్టం. ఇది పిల్లలకూ ముసలివాళ్ళకే అన్న అపోహ వద్దు, పెద్దవాళ్ళకూ దీనితోనే ఎక్కువ మందు లోపలికి పోతుంది, గొంతులో తక్కువ మిగులుతుంది. స్పేసర్లోకి ఒక్క పఫ్ నొక్కి, వెంటనే నిదానంగా పీల్చి పది సెకన్లు బిగబట్టండి. అంతసేపు బిగబట్టలేకపోతే మామూలుగా ఐదారుసార్లు గాలి పీల్చి వదలండి. చిన్నపిల్లలకు మాస్కు తగిలించి, ముఖానికి సందు లేకుండా ఆన్చాలి. పిల్లాడు ఏడుస్తుంటే మందు ఎక్కువ పోతుందనుకుంటారు, నిజానికి తగ్గుతుంది. గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నెలకోసారి స్పేసర్ ముంచి కడిగి, తుడవకుండా నీడలో ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్కుకు స్థిర విద్యుత్తు ఎక్కి, మందు లోపలి గోడలకే అంటుకుపోతుంది. పంపు ప్లాస్టిక్ భాగాన్ని కూడా వారానికోసారి, మందున్న డబ్బా తీసేసి, నీళ్ళతో కడగాలి. డబ్బాను మాత్రం కడగకూడదు.

పొడి పంపుల తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ గట్టిగా, వేగంగా, లోతుగా లాగాలి. మీ ఊపిరి బలమే పొడిని లేపేది. రోటాహేలర్ (క్యాప్సూల్‌లోని పొడిని పీల్చే పంపు) అయితే అందులో క్యాప్సూల్ పెట్టి తిప్పి, ముఖం పక్కకు తిప్పుకుని గాలి వదలండి. పరికరంలోకి ఊదితే తేమకు పొడి ముద్దకడుతుంది. పీల్చాక తెరిచి చూడండి, పొడి మిగిలి ఉంటే మరోసారి లాగండి. ఈ క్యాప్సూల్‌ను మింగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు; ఇంట్లో పెద్దవాళ్ళకు కొత్తగా రాసిస్తే ఒకసారి చేసి చూపించడం మంచిది. వానాకాలంలో ఈ పంపులను బాత్రూం అరలో పెట్టొద్దు. ఎటాక్ సమయంలో గట్టిగా లాగలేరు కాబట్టి అప్పటి కోసం గ్యాసు పంపూ స్పేసరూ దగ్గరుంటే మేలు.

స్టెరాయిడ్ పంపు తర్వాత నోరు పుక్కిలించి, గొంతు గరగరలాడించి ఉమ్మేయాలి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత, గొంతు బొంగురు. పళ్ళు తోముకునే ముందు పంపు తీసుకుంటే ఇది వేరే పనిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

డబ్బాలో ఇంకా మందుందా? నీళ్ళ గిన్నెలో వేసి తేలుతుందా మునుగుతుందా చూసే పాత పద్ధతి పనికిరాదు. లెక్కే దారి. 120 పఫ్‌ల పంపును పొద్దున రెండు, రాత్రి రెండు వాడితే సరిగ్గా 30 రోజులు. మొదలుపెట్టిన తేదీని మార్కరుతో డబ్బా మీద రాయండి. మందు అయిపోయినా గ్యాసు బుస్సుమంటూనే ఉంటుంది.

ఒకే పంపు, రెండు పనులు

బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన పంపులను (ఫోరాకార్ట్ ఇలాంటిదే) రోజూ వాడే మందుగానూ, ఆయాసం వచ్చినప్పుడు అదనపు పఫ్‌గానూ వాడే పద్ధతి ఇప్పుడు చాలామంది డాక్టర్లు చెబుతున్నారు. ఫార్మోటెరాల్ కొద్ది నిమిషాల్లోనే పని మొదలుపెడుతుంది, ప్రతి పఫ్‌తోనూ వాపు మందు కూడా పోతుంది. 200/6 బలం (ఒక పఫ్‌కు బ్యుడెసొనైడ్ 200, ఫార్మోటెరాల్ 6 మైక్రోగ్రాములు) ఉన్నదైతే పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 12 పఫ్‌లు హద్దు. అది డాక్టరు దాటకూడదని చెప్పిన గీతే తప్ప రోజూ అంత వాడొచ్చని కాదు. అంత అవసరం పడుతోందంటే అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. సాల్మెటెరాల్ ఉన్న పంపులను (సెరోఫ్లో లాంటివి) ఇలా వాడకూడదు. అవి నిదానంగా పనిచేస్తాయి, ఆయాసంలో ఉన్న మనిషికి అంత టైము లేదు.

డెరిఫిల్లిన్ మాత్ర చవక, వీధి చివర క్లినిక్కులో ఇంజెక్షన్ కూడా వేస్తారు. కానీ పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం తక్కువ. గుండె దడ, వాంతులు దాని గుర్తులు. రోజువారీ పంపుకు అది ప్రత్యామ్నాయం కాదు. మాంటెలుకాస్ట్ మాత్ర కొందరికి పనికొస్తుంది, ముఖ్యంగా ముక్కు అలర్జీ ఉంటే. వేసుకున్నాక పిల్లలకు పీడకలలు, చిరాకు, దిగులు మొదలైతే డాక్టరుకు వెంటనే చెప్పండి. ఖర్చు భారమైతే జన ఔషధి కేంద్రంలో అదే మందు ఉందేమో అడిగి చూడండి.

ఊపిరి కొలుచుకోవడం

పీక్ ఫ్లో మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. నిలబడి, ముల్లు సున్నాకు తెచ్చి, గుండెల నిండా పీల్చి, ఒక్క ఊపున ఫట్‌మని ఊదండి. మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చినది రాసుకోండి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. ఒంట్లో బాగున్న రెండు వారాల్లో వచ్చిన అత్యధిక అంకె మీ సొంత కొలత. అది 450 అనుకుందాం. 360 పైన ఉంటే మామూలు. 360 నుంచి 225 మధ్య పడితే జాగ్రత్త, డాక్టరు ముందే రాసిచ్చిన అదనపు మందు మొదలుపెట్టాలి. 225 కిందకు వస్తే పంపు తీసుకుంటూ ఆస్పత్రికి బయల్దేరాలి. చాలామందికి ఆయాసం తెలియకముందే అంకె పడిపోవడం మొదలవుతుంది, ఈ చిన్న గొట్టం విలువ అదే.

మీటరు లేకపోతే నాలుగు ప్రశ్నలు చాలు. గత నాలుగు వారాల్లో పగటిపూట ఇబ్బంది వారానికి రెండుసార్లు మించిందా? ఒక్క రాత్రయినా నిద్ర లేచారా? హాయినిచ్చే పంపు వారానికి రెండుసార్లకు మించి తీశారా? ఏ పనైనా మానుకున్నారా? ఒకటి రెండిటికి అవునంటే అదుపు పూర్తిగా లేదు. మూడు నాలుగైతే అసలే లేదు.

ఇల్లు, పీజీ, రోడ్డు

మారతహళ్ళి, బీటీఎం పీజీల్లో పాత కిరాయిదారు వదిలేసిన పరుపు దుమ్ము పురుగుల పుట్ట. కంటికి కనిపించవు, మన చర్మపు పొట్టు తిని, తేమలో పెరుగుతాయి. పరుపుకూ దిండుకూ జిప్పున్న మందపు కవర్లు వేసి, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల నీళ్ళలో ఉతకాలి. చలికి అటక మీంచి దించిన రగ్గును ఉతకకుండా కప్పుకోవద్దు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు బాత్రూం గోడకు అవతలి వైపు, బీరువా వెనక నల్లమచ్చలున్నాయేమో చూడండి. చెమ్మకు కారణం సరిచేయకుండా పైన రంగు వేస్తే నాలుగు నెలల్లో మళ్ళీ బూజు. చీపురు బదులు తడిగుడ్డ, దోమల కాయిల్ బదులు దోమతెర, బొద్దింకలకు స్ప్రే బదులు జెల్. మూసిన గదిలో అగరబత్తి, సాంబ్రాణి పొగ సిగరెట్టు పొగలాగే గుచ్చుతుంది. దేవుడి గది కిటికీ తీసి ఉంచండి. ఎండుమిర్చి తాలింపు వేసేటప్పుడు ఉబ్బసం ఉన్న మనిషి వంటింట్లో లేకపోవడమే మందు. ఆవిరి పట్టడం ముక్కుకు హాయి, శ్వాసనాళాలు దానికి తెరుచుకోవు, పిల్లలకు కాలే ప్రమాదం కూడా.

ఫిబ్రవరి, మార్చిల్లో రోడ్డంతా గులాబీరంగు టబేబుయా పూలు చూసి అందరూ వాటినే తిడతారు, పాపం. ఆడంబరంగా పూసే చెట్ల పుప్పొడి ఎక్కువగా తేనెటీగల కోసం, బరువుగా ఉంటుంది. గాల్లో తేలే పుప్పొడి గడ్డివి, కలుపుమొక్కలవి. ఖాళీ సైట్లలో పెరిగే వయ్యారిభామ ముక్కు అలర్జీకి పేరుమోసింది. ముక్కు అలర్జీకి వైద్యం చేయించుకోకపోతే ఉబ్బసమూ లొంగదు.

సిల్క్ బోర్డు, టిన్ ఫ్యాక్టరీ మీదుగా బండి మీద రోజూ వెళ్ళేవాళ్ళకు ముఖానికి సరిగ్గా అతికే ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, వాయువులను ఆపదు. చేతిరుమాలు రెంటినీ ఆపదు. మెట్రో దారిలో ఆఫీసు ఉంటే అదే మేలు. వ్యాయామం మానక్కర్లేదు; పది నిమిషాలు మెల్లగా మొదలుపెట్టండి, డాక్టరు చెబితే పావుగంట ముందు పఫ్ తీసుకోండి. హైదరాబాదు, విజయవాడ నైట్ బస్సెక్కేటప్పుడు పంపు జేబులో ఉండాలి, డిక్కీలో వేసిన బ్యాగులో కాదు. బస్సువాళ్ళిచ్చే రగ్గు వద్దు, మీ దుప్పటి తెచ్చుకోండి.

నొప్పి మాత్రలతో జాగ్రత్త. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ కొందరిలో ఉన్నట్టుండి ఎటాక్ తెప్పిస్తాయి, పారాసిటమాల్ చాలామందికి ఇబ్బంది లేదు. మైగ్రేనుకు, దడకు రాసే ప్రొప్రనొలాల్, కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు కూడా శ్వాసనాళాలను బిగించగలవు. ఏ డాక్టరుకు చూపించినా ఉబ్బసం ఉందని చెప్పండి. గర్భం వచ్చిందని పంపు మానొద్దు, తల్లి ఊపిరే బిడ్డ ఊపిరి. పెరుగు, అరటిపండు అందరికీ పడవన్నది ఊరికే వచ్చిన మాట. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొరమీను నోట్లో వేసుకునే చేప ప్రసాదం కోసం ఇక్కడి నుంచి కూడా రైలెక్కుతారు. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. వెళ్ళేవాళ్ళు నమ్మకంతో వెళ్తారు, కానీ రోజువారీ పంపు ఆపి వెళ్ళడం మాత్రం ప్రాణాలతో చెలగాటం.

ఎటాక్ వస్తే

నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టొద్దు. చుట్టూ మూగకండి. సాల్బ్యుటమాల్ పంపు స్పేసర్లో ఒక పఫ్ నొక్కి నాలుగైదు ఊపిరులు, మళ్ళీ కుదిపి ఇంకో పఫ్. ఇలా నాలుగు. నాలుగు నిమిషాలాగి తగ్గకపోతే మరో నాలుగు. అప్పటికీ తెరిపి లేకపోతే 108కి ఫోను చేయండి, బండి వచ్చేదాకా, దారిలో కూడా, ఇదే వరస కొనసాగించండి. ఇంట్లో నెబ్యులైజర్ (మందును పొగమంచులా మార్చి పీల్పించే యంత్రం) లేదని కంగారు వద్దు, స్పేసర్‌తో సరిగ్గా ఇచ్చిన పఫ్‌లు దాదాపు అంతే పనిచేస్తాయి. చెయ్యి వణకడం, గుండె వేగం మందు వల్లే, అందుకని ఆపొద్దు.

కొన్ని గుర్తులు కనిపిస్తే నిమిషాలు లెక్కపెట్టకుండా బయల్దేరాలి: ఒక వాక్యం పూర్తి చేయలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోవడం, పెదాలు నీలిరంగు తిరగడం, మగత, వేలికి పెట్టే ఆక్సీమీటరులో ఆక్సిజన్ 92 శాతం కంటే తక్కువ. అన్నిటికన్నా మోసం చేసేది పిల్లికూతలు ఆగిపోవడం. మనిషి అవస్థ పడుతూనే ఉండి చప్పుడు ఆగిందంటే, కూత వేయడానికి కూడా గాలి ఆడటం లేదని అర్థం. ఆక్సిజన్ అంకె బాగుందని ఆగిపోవద్దు, అది పడిపోయేది చివర్లో.

బెంగళూరులో సాయంత్రం ఆరింటికి నాలుగు కిలోమీటర్లు దాటడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. అందుకే మీకు అలవాటైన ఆస్పత్రి ఎంత మంచిదైనా, ఇంటికి దగ్గర్లో 24 గంటలూ ఎమర్జెన్సీ, ఆక్సిజన్ ఉన్నవి రెండు ముందే చూసి పెట్టుకోండి. ఫోనులో కన్నడం తడబడితే "ఉసిరాడోకె కష్ట ఆగ్తిదె, ఆస్తమా ఇదె" అని, పక్కన ఉన్న గుడి పేరో బస్టాపు పేరో చెప్పండి.

ఇంటికొచ్చాక స్టెరాయిడ్ మాత్రలు సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులకు ఇస్తారు. రెండో రోజుకే బాగుందని ఆపేస్తే వాపు తిరగబెడుతుంది. వారంలోపు మళ్ళీ డాక్టరును కలిసి, ఎందుకొచ్చిందో చూసుకోవాలి: పంపు మానేశారా, పీల్చే తీరు తప్పా, కొత్త ఇల్లా. ఏటా ఫ్లూ టీకా గురించి కూడా అప్పుడే అడగండి.

మూడు నెలల పాటు అదుపులో ఉంటే డాక్టరు డోసును పావు నుంచి సగం దాకా తగ్గిస్తారు, మీరుగా తగ్గించుకోవద్దు. జలుబులో ఉన్నప్పుడు, ప్రయాణం ముందు, దీపావళి టపాసుల వారంలో, భోగి మంటలకు ఊరెళ్ళే ముందు ఈ పని పెట్టుకోకండి. తగ్గించాక మొదటి కొన్ని వారాలు పీక్ ఫ్లో రోజూ రాసి, ఆ కాగితాన్ని తర్వాతి అపాయింట్‌మెంటుకు తీసుకెళ్ళండి.